టెంటు వేశాం సరే... నెట్టేదీ?

మే నెల ఆఖరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే. శని, ఆదివారాలతో కలిపితే వరసగా మూడు రోజులు సెలవు. ఆ శుక్రవారం సాయంత్రం డాలస్‌లోనో శాన్‌హోసేలోనో మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు సందడి చూడాలి! కారు డిక్కీలో టెంటు, దుప్పట్లు, బొగ్గులు, రైస్ కుక్కరు, పులిహోర డబ్బా, ఆవకాయ సీసా, పిల్లల క్రికెట్ బ్యాటు. నాలుగైదు కుటుంబాలు కలిసి బయల్దేరతాయి. ఎక్కడికంటే, క్యాంపింగుకి. అడవి అంచునో సరస్సు ఒడ్డునో కాస్త జాగా అద్దెకు తీసుకుని, టెంటు వేసుకుని, రాత్రి నెగడు చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారన్నమాట. మన కార్తీక వనభోజనాలకి రాత్రి నిద్ర కూడా కలిపితే అదే క్యాంపింగ్.

అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతారు. అక్కడ నెట్ ఎలా ఉంటుందో మాత్రం కనుక్కోరు. బుక్ చేసుకునేటప్పుడు ‘ఫ్రీ వైఫై’ అని కనబడింది కదా, చాలనుకుంటారు. తీరా వెళ్లాక ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంటుంది, పేజీ రాదు. సోమవారం పొద్దున్నే ఇండియా టీముతో మీటింగుందని ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాయన చెట్ల మధ్య ఫోను పైకెత్తి పట్టుకుని తిరుగుతుంటాడు.

వాళ్ల బాధ వాళ్లది, గుంటూరులోనో నిజామాబాదులోనో ఉన్న మాకెందుకు ఈ గొడవ అంటారా? ఆ మూడు రోజులూ ఫోను కలవక గుండెలు గుప్పిట్లో పెట్టుకునేది మీరే కాబట్టి!

మా పెద్దమ్మనే తీసుకోండి. ఆవిడ ఉండేది తెనాలిలో. కొడుకు శాన్‌హోసేలో. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వాడి ఫోను ఠంచనుగా రావాలి. ఓ ఆదివారం రాలేదు. పదింటికి తనే చేసింది. కలవలేదు. పదకొండింటికి నాకు చేసింది. ‘‘ఏమే, నువ్వు పేపర్లో ఇట్టాంటియ్యే రాస్తావు కదా. వాడి ఫోను ఎందుకు కలవట్లేదో చెప్పు’’ అంది. యోసెమిటీ అనే చోటికి వెళ్తున్నామని వాడు అంతకుముందు మాటవరసకి అన్నాడట. ‘‘అమెరికాలో సిగ్నల్ లేకపోవడమేంటే? మన దుగ్గిరాల పొలాల్లోనే నాలుగు గీతలు వస్తుంటే!’’

ఆవిడ ప్రశ్నలో న్యాయముంది. జవాబు చెప్పడానికి నాకు ఆ పూటంతా పట్టింది. మీకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అడవంతా ఒకటి కాదు

అమెరికాలో క్యాంపు వేసుకునే చోట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ప్రైవేటువాళ్లు నడిపేవి. వీటిలో పెద్ద పేరు కేఓఏ. 1962లో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ ఊళ్లో ఎల్లోస్టోన్ నది ఒడ్డున మొదలైంది. ఇప్పుడు అమెరికా, కెనడాల్లో వీళ్లవి 500కి పైగా ఉన్నాయి. ఇలాంటి చోట కరెంటు, నీళ్లు, వేడినీళ్ల స్నానాలగదులు, పిల్లలకి ఈతకొలను, వాటితోపాటే వైఫై కూడా సాధారణంగా ఉంటాయి. మోటర్‌హోములు, అంటే బస్సంత ఉండే ఇంటి బళ్లు వేసుకుని నెలల తరబడి తిరిగే రిటైరైన దంపతులు ఎక్కువగా దిగేది ఇక్కడే.

రెండోది ప్రభుత్వానివి. నేషనల్ పార్కులు, రాష్ట్రాల పార్కులు. అందమంతా ఇక్కడే ఉంది. నెట్ మాత్రం చాలాచోట్ల ఉండదు. 1872లో ప్రకటించిన ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు విస్తీర్ణం 8,983 చదరపు కిలోమీటర్లు. విడిపోకముందున్న మన కృష్ణా జిల్లాకన్నా కాస్త పెద్దదే! అందులో చాలా భాగానికి సెల్ సిగ్నల్ అందదు. హోటళ్లు, దుకాణాలు ఉన్న నాలుగైదు చోట్ల మాత్రం వస్తుంది. మచిలీపట్నంలో, గుడివాడలో సిగ్నలుండి మధ్యలో జిల్లా అంతా నిశ్శబ్దంగా ఉన్నట్టు ఊహించుకోండి.

పైసలు లేక టవర్లు వేయలేదనుకునేరు. జనం కాపురముండని కొండల్లో టవరు వేస్తే కంపెనీకి గిట్టుబాటు కాదన్నది సగం కారణం. ప్రకృతి దృశ్యం మధ్యలో ఇనప టవరేంటని అడ్డుచెప్పేవాళ్లు కూడా తక్కువేం కాదు. ఫోను మోగని చోటు ఒక్కటైనా మిగలనివ్వండి అనేది వాళ్ల వాదన. ఊళ్లో ఉన్నప్పుడు నాకూ అది నిజమేననిపిస్తుంది. పెద్దమ్మ పదకొండింటికి ఫోను చేసినప్పుడు మాత్రం అనిపించలేదు.

యోసెమిటీ లోయలో ఇంకో చిత్రం. అక్కడ కొన్నిచోట్ల సిగ్నలుంది. వేసవిలో జనం కిటకిటలాడతారు. ఫోనులో గీతలు కనిపిస్తాయి, మెసేజ్ మాత్రం పోదు! గీతలు చెప్పేది టవరు మాట మన ఫోనుకి ఎంత గట్టిగా వినబడుతోందన్న సంగతి ఒక్కటే. ఆ టవరు దగ్గర ఎంతమంది క్యూలో ఉన్నారో గీతలు చెప్పవు. తిరునాళ్లలో కొట్టువాడు కంటికి ఎదురుగానే ఉంటాడు, మన వంతు రావద్దూ?

కుళాయి పెద్దదే, నీళ్లేవీ?

ఇక వైఫై ఉన్న చోట సంగతి. ‘ఫుల్ సిగ్నల్ వస్తోంది, నెట్ మాత్రం రావట్లేదు’ అని పిల్లలు చెబితే అబద్ధమనుకోకండి. మన ఇంట్లో కుళాయి ఎంత పెద్దదైనా వీధిలోంచి వచ్చే పైపు సన్నదైతే ధార సన్నగానే వస్తుంది కదా. వైఫై ఆ కుళాయిలాంటిది. దాని వెనక క్యాంపు ఆఫీసుకి వచ్చే అసలు లైను వేరే ఉంటుంది. ఊరికి దూరంగా ఉన్నచోట ఆ లైను లావుగా ఉండటం కష్టం.

చిన్న లెక్క వేద్దాం. ఒక క్యాంపులో వంద సైట్లున్నాయి. వచ్చే లైను సెకనుకి 100 ఎంబీపీఎస్. ఇంట్లో ఒక్క కుటుంబానికైతే అది దర్జాగా సరిపోతుంది. ఇక్కడ సైటుకి రెండు ఫోన్లు తెరిచినా రెండొందలు. అంటే తలకి అర ఎంబీపీఎస్. హెచ్‌డీలో సినిమా చూడాలంటే 5 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. ఆ లెక్కన ఇరవైమంది సినిమా పెట్టుకుంటే లైను మొత్తం వాళ్లదే! మిగిలిన ఎనభై సైట్లవాళ్లు ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టుకోవాల్సిందే. అందుకే చాలా క్యాంపుల్లో ఉచిత వైఫై మీద సినిమాలు రాకుండా వేగానికి పగ్గం వేస్తారు. దానికి ఒళ్లుమండి తిట్టుకునేవాళ్లున్నారు గానీ, నన్నడిగితే ఆ పగ్గం ఉన్న చోటే మెయిలూ మెసేజులూ కాస్త సాఫీగా నడుస్తాయి.

సినిమాలు చూసేవాళ్లనే అనడానికీ లేదు. పొద్దుటినుంచి తీసిన మూడొందల ఫొటోలూ వైఫై దొరకగానే వాటంతటవే గూగుల్ ఫొటోస్‌కో ఐక్లౌడ్‌కో ఎక్కడం మొదలుపెడతాయి. ల్యాప్‌టాప్‌లో విండోస్ తన అప్‌డేట్లు తాను దించుకుంటూ ఉంటుంది. మనకి తెలియకుండానే మన జేబులోని ఫోను పదిమంది వాటా మింగేస్తుందన్నమాట. క్యాంపులో దిగగానే ఈ ఆటోమేటిక్ వ్యవహారాలన్నీ ఆపేయమని మీ పిల్లలకి చెప్పండి. ల్యాప్‌టాప్‌లో అయితే ఆ వైఫైని ‘మీటర్డ్ కనెక్షన్’ అని గుర్తుపెడితే చాలు, అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి.

ఇంకో అడ్డంకి చెట్లు. వైఫై వాడే తరంగాలకి నీళ్లంటే పడదు. పచ్చటి ఆకులో ఉండేది నీరే. వాన కురిసి తడిసిన చెట్లయితే మరీ అన్యాయం. కొన్ని మోటర్‌హోముల గోడల్లో అల్యూమినియం ఉంటుంది. బయట మెట్టుమీద కూర్చుంటే వచ్చే నెట్ లోపలికెళ్తే మాయమయ్యేది అందుకే. టెంటు బట్టకి ఆ పేచీ లేదు. పాపం టెంటువాళ్లకి ఈ ఒక్క విషయంలో మోటర్‌హోమువాళ్లకన్నా అదృష్టం!

ఫోను బలహీనత కూడా ఉంది. క్యాంపువాళ్లు స్తంభం మీద పెట్టిన యాంటెనాకి గొంతు పెద్దది. దాని మాట దూరంగా ఉన్న మనకి వినబడుతుంది. మన ఫోను గొంతు చిన్నది. అది అరిచినా స్తంభందాకా చేరదు. నెట్‌కి రెండువైపులా మాట నడవాలి. అలాంటప్పుడు ఫోను పట్టుకుని ఆఫీసువైపు యాభై అడుగులు నడిస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది.

అందుకని బుక్ చేసేటప్పుడు ‘వైఫై ఉందా?’ అని అడిగి లాభం లేదు. ఉందనే అంటారు. ‘సైటు దాకా వస్తుందా, ఆఫీసు దగ్గరేనా?’ అని అడగాలి. ‘రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ నడుస్తుందా?’ అని అడిగితే ఇంకా మంచిది. కౌంటర్లో కూర్చున్నవాళ్లు ఈ ప్రశ్నకి సాధారణంగా దాపరికం లేకుండా నవ్వేస్తారు.

సాయంత్రం ఆరున్నరకి ఎదురుచూడండి

ఇప్పుడు తల్లిదండ్రులకి అసలు పనికొచ్చే కబురు. వేసవిలో కాలిఫోర్నియా గడియారం మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక. మా పెద్దమ్మకి ఆదివారం పొద్దున తొమ్మిదయితే అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అంటే క్యాంపులో అందరూ తిరుగుళ్లు ముగించి, స్నానాలు చేసి, ఫోన్లు పట్టుకునే వేళ. వారంలోకెల్లా లైను కిక్కిరిసిపోయే సమయం ఏదైనా ఉందంటే అదే. ఏళ్ల తరబడి వాడుకైన తొమ్మిదింటి ముహూర్తం క్యాంపుకి మాత్రం దుర్ముహూర్తం!

దాన్ని తిప్పేయండి. అక్కడ పొద్దున ఆరుకి క్యాంపంతా ముసుగుతన్ని నిద్రపోతుంది. లైను ఖాళీ. వైఫై అయినా, దగ్గర్లోని టవరైనా ఒకటే. ఆ వేళకి మనకి సాయంత్రం ఆరున్నర. దీపాలు పెట్టే వేళ. ఇద్దరికీ వీలు. డాలస్‌లాంటి ఊళ్లకి తేడా పదిన్నర గంటలు కాబట్టి అక్కడి ఆరు మనకి సాయంత్రం నాలుగున్నర అవుతుంది. వీడియోకోసం పట్టుబట్టకండి. మాట మాత్రమే అయితే వీడియోకి పట్టేదాంట్లో చిన్న ముక్క చాలు. మనవరాలి మొహం చూడకపోతే ఎలా అంటారా? ఒక ఫొటో పంపమనండి. అది నిదానంగానైనా చేరుతుంది. వీడియోలో మొహం బొమ్మల గళ్లుగా విడిపోయి, మాట అరనిమిషం తర్వాత వస్తుంటే చూసి ఏం ఆనందం?

అసలు కబురే లేని పార్కుకి వెళ్తుంటే ముందే చెప్పమనండి. ‘శుక్రవారం సాయంత్రం లోపలికి వెళ్తున్నాం. సోమవారం మధ్యాహ్నం దాకా ఫోను కలవదు. ఫలానా పార్కు, ఫలానా క్యాంపు, సైటు నంబరు ఇది. సోమవారం రాత్రి పదింటికీ మా ఫోను రాకపోతే పక్కింటి ఫలానావాళ్లకి చేయండి.’ వాట్సాప్‌లో ఈ నాలుగు వాక్యాలు రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. మాటవరసకి ‘యోసెమిటీ వెళ్తున్నాం’ అంటే చాలదు. యోసెమిటీ ఒక ఊరు కాదు, దాదాపు మూడువేల చదరపు కిలోమీటర్ల అడవీ కొండలూ!

వెంట తీసుకెళ్లే నెట్

2020లో కొవిడ్ వచ్చి ఆఫీసులు ఇళ్లకి మారాక, ఇంట్లో చేసే పని అడవిలో ఎందుకు చేయకూడదన్న ఆలోచన చాలామందికొచ్చింది. సోమవారం ఒక్కరోజు సెలవు మిగుల్చుకోవడానికి క్యాంపులోంచే పనిచేస్తామనేవాళ్లున్నారు. వాళ్లు క్యాంపు వైఫైని నమ్ముకుంటే ఉద్యోగానికి ఎసరు. సొంత ఏర్పాటు ఉండాలి.

అన్నింటికన్నా సులువు ఫోను హాట్‌స్పాట్. అక్కడ వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ అని మూడు పెద్ద కంపెనీలు. ఒకరికి సిగ్నలున్న లోయలో ఇంకొకరికి ఉండదు. నాలుగు కుటుంబాలు వెళ్తున్నప్పుడు అందరూ ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో ఉండి ఒకే కంపెనీ వాడుతుంటే ప్రయోజనం లేదు. వేరే కంపెనీ ఫోనున్న స్నేహితుణ్ని ఒక్కణ్నయినా కలుపుకోవడం తెలివి. క్యాంపెండియమ్ లాంటి ఆప్‌లలో అంతకుముందు దిగివెళ్లినవాళ్లు ఏ కంపెనీకి అక్కడ ఎన్ని గీతలు వచ్చాయో రాసిపెడతారు. కంపెనీవాళ్లు రంగులేసి చూపించే మ్యాపులకన్నా నేను వీటినే నమ్ముతాను. ‘అన్‌లిమిటెడ్’ అన్న ప్లానుల్లో కూడా హాట్‌స్పాట్‌కి తరచుగా పరిమితి ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి బయల్దేరకముందే చదవాలి.

సిగ్నల్ బూస్టర్ అని ఒకటి అమ్ముతారు. వందల డాలర్ల ఖరీదు. మినుకుమినుకుమనే సిగ్నల్‌ని కాస్త పెంచుతుంది నిజమే. అసలు లేని చోట ఏం పెంచుతుంది? సున్నాని దేనితో హెచ్చవేసినా సున్నాయే.

ఆకాశంలోంచి వచ్చే నెట్ కథ వేరు. ఇదివరకూ ఉండేది. మోటర్‌హోము పక్కన ముక్కాలిపీట మీద పెద్ద గిన్నె బిగించి, దిక్కు సరిచేయడానికి గంటసేపు కుస్తీపట్టేవారు. ఆ ఉపగ్రహాలు భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మన ప్రశ్న పైకెళ్లి కిందకి దిగి, జవాబు మళ్లీ పైకెళ్లి కిందకి రావాలి. మొత్తం లక్షా నలభైనాలుగు వేల కిలోమీటర్లు. కాంతి వేగంతో పోయినా అర సెకను. మెయిలుకి ఫరవాలేదు. ఫోనులో మాట్లాడితే ఇద్దరూ ఒకేసారి ‘ఆఁ చెప్పు’ అనడం, ఒకేసారి ఆగిపోవడం!

స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఉండేది 550 కిలోమీటర్ల దరిదాపుల్లో. అందుకే ఆ ఆలస్యం పోయింది. 2020 అక్టోబరులో మామూలు జనానికి ప్రయోగాత్మకంగా ఇచ్చారు. 2022 మేలో మోటర్‌హోములవాళ్లకి ప్రత్యేక ప్లాను పెట్టారు. 2024లో వీపుసంచిలో పట్టే ‘మినీ’ వచ్చింది. బరువు కిలో పైచిలుకే. ఇంత చెప్పాక అందరూ కొనేసుకుంటారేమో, ఆగండి. దానికి ఆకాశం బాహాటంగా కనబడాలి. చెట్టుకొమ్మ అడ్డొస్తే మాట్లాడుతున్న కాల్ తెగిపోతుంది. మనం వెతుక్కునేది చెట్టునీడ, అది వెతుక్కునేది ఎండ! యోసెమిటీలాంటి చోట ఆకాశాన్నంటే పైన్ చెట్ల కింద టెంటు వేసుకున్నవాళ్లకి అది చాలాసార్లు పలకదు. కరెంటు సంగతీ చూసుకోవాలి. మినీకి సుమారు 25 నుంచి 40 వాట్లు కావాలి. టెంటు సైట్లలో చాలాచోట్ల ప్లగ్గు ఉండదు. 300 వాట్-అవర్ల పవర్ స్టేషన్ తీసుకెళ్తే కనీసం ఆరేడు గంటలు నడుస్తుంది. అంటే ఒక పూట ఆఫీసు. ఆఫీసుకి అంతకన్నా ఎక్కువ ఇవ్వకూడదులెండి, సెలవుల్లో వెళ్లి!

పిల్లల సినిమాలు, పాటలు, ఆ ప్రాంతం మ్యాపు ఇంట్లోనే దించుకుంటే అడవిలో నెట్ అవసరం సగం తగ్గుతుంది. ఫోనులోని జీపీఎస్‌కి నెట్‌తో పనిలేదు. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ముందే ‘ఆఫ్‌లైన్’గా దాచుకుంటే సిగ్నల్ లేకపోయినా మనం ఎక్కడున్నామో నీలం చుక్క చూపిస్తూనే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. తెలియక, సిగ్నల్ పోగానే దారి కూడా పోయిందని కంగారుపడతారు.

ఒక్క మెసేజ్ విలువ

ఇంతవరకు చెప్పింది సరదా, సౌకర్యం. ఇప్పుడు చెప్పేది అలాంటిది కాదు.

2006 నవంబరు ఆఖరివారం. జేమ్స్ కిమ్ అనే ఆయన భార్యనీ, ఇద్దరు చిన్న కూతుళ్లనీ తీసుకుని ఆరిగన్ రాష్ట్రంలో కారులో వెళ్తున్నారు. ఆయన సీనెట్‌లో సంపాదకుడు. కొత్త ఎలక్ట్రానిక్ వస్తువులు ఎలా పనిచేస్తాయో జనానికి చెప్పడమే ఆయన వృత్తి. రాత్రివేళ తిరగాల్సిన మలుపు దాటిపోయి కొండదారి పట్టారు. మంచు కురిసింది. కారు ఆగిపోయింది. ఫోనుకి సిగ్నల్ లేదు. రోజులు గడిచాయి. వేడికోసం కారు టైర్లు కూడా కాల్చుకున్నారు. డిసెంబరు 2న సాయం వెతుకుతూ ఆయన కాలినడకన బయల్దేరారు.

వాళ్లు ఏ కొండల్లో ఉన్నారో ఎవరికీ తెలియదు. అప్పుడు అక్కడి సెల్ కంపెనీ ఇంజినీర్లు రికార్డులు తిరగేస్తే ఒక ఆధారం దొరికింది. దారి తప్పిన ఆ రాత్రే, కాల్స్ కలవని ఆ కొండల్లో, వాళ్ల ఫోను దూరంగా ఉన్న ఒక టవరుని క్షణకాలం అందుకుంది. వచ్చిన టెక్స్ట్ మెసేజ్‌ని దించుకోవడానికి! ఆ క్షణాన్ని పట్టుకుని వెతికారు. డిసెంబరు 4న తల్లీపిల్లలు ప్రాణాలతో దొరికారు. 6న జేమ్స్ కిమ్ మృతదేహం దొరికింది.

మాటకి సిగ్నల్ ఆగకుండా ఉండాలి. మెసేజ్‌కి ఒక్క క్షణం చాలు. ఇబ్బందిలో ఉన్నప్పుడు ఫోను కలవట్లేదని పదిసార్లు డయల్ చేసి బ్యాటరీ అవగొట్టుకునేకన్నా, ఎక్కడున్నామో రాసి ఒక మెసేజ్ పంపాలి. ఎత్తయిన చోట నిలబడి పంపితే మరీ మంచిది. అమెరికాలో 911కి చేసే కాల్‌కి ఇంకో వెసులుబాటు ఉంది. మన కంపెనీ టవరు లేకపోయినా మన ఫోను పట్టుకోగలిగిన వేరే కంపెనీ టవరు ఉంటే దాని మీదుగా పోతుంది. ‘నో సర్వీస్’ అని కనబడినా ఒకసారి ప్రయత్నించాల్సిందే.

ఈమధ్య పరిస్థితి మెరుగైంది. ఐఫోన్ 14 నుంచి మొదలుపెట్టి, టవరు లేని చోట ఉపగ్రహంద్వారా ఆపదలో కబురు పంపే ఏర్పాటు 2022 నవంబరులో అమెరికా, కెనడాల్లో మొదలైంది. 2024లో మామూలు సందేశాలకీ దాన్ని విస్తరించారు. టీ-మొబైల్ 2025 జులైలో స్టార్‌లింక్ ఉపగ్రహాల మీదుగా టెక్స్ట్ మెసేజ్‌ల సర్వీసు మొదలుపెట్టింది. ‘క్షేమం’ అన్న ఒక్క ముక్క అడవిలోంచి బయటికి రావడానికి ఇవి చాలు. అక్కడే ఉన్న ఒక స్నేహితుడికో చెల్లెలికో ఆ మెసేజ్ పంపి, వాళ్లు ఇండియాకి వాట్సాప్‌లో చెప్పేలా మాట్లాడుకుంటే ఇంటిల్లిపాదికీ నిశ్చింత. అయితే ఫోనుని ఆకాశంవైపు చూపించి ఎలా పంపాలో ఇంట్లో ఉండగానే నేర్చుకోవాలి. ఐఫోన్లలో దీనికోసం ‘డెమో’ ఉంటుంది. బుద్ధిగా ఒకసారి చేసి చూడమనండి.

అక్కడి అడవిలో మంచిదే... ఇక్కడ నేరం!

కొండలెక్కే అలవాటున్నవాళ్లు గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ పరికరాలు కొంటారు. అరచేతిలో పట్టేంత ఉంటాయి. అమెరికాలో దుకాణంలో ఎవరైనా కొనుక్కోవచ్చు. చిక్కంతా అది సంచిలో అలాగే ఉండిపోయి, సంక్రాంతికి వచ్చేటప్పుడు శంషాబాదులో బయటపడితేనే!

మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, ఇలాంటి ఉపగ్రహ సందేశ పరికరాలు దగ్గర ఉంచుకోకూడదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద విమానాశ్రయాల్లో కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా మహిళని ఇన్‌రీచ్ పరికరం దగ్గరున్నందుకే అదుపులోకి తీసుకున్నారు. ఆవిడకి ఇది నేరమని తెలియదు. కొండల్లో పరుగెత్తేటప్పుడు రక్షణకని అలవాటుగా వెంట ఉంచుకున్నారంతే. స్టార్‌లింక్‌కి మన టెలికాం శాఖ 2025లో లైసెన్సు ఇచ్చింది కదా అని అమెరికాలో కొన్న డిష్షుని సూట్‌కేసులో వేసుకొచ్చేయడం కూడా పొరపాటే. కంపెనీకి లైసెన్సు వచ్చినంత మాత్రాన అక్కడ కొన్న పెట్టెకి ఇక్కడ అనుమతి వచ్చినట్టు కాదు.

ఈసారి అబ్బాయి ఇండియా టిక్కెట్లు కొన్నానని చెప్పగానే, పచ్చళ్ల జాబితాకన్నా ముందు క్యాంపింగ్ సంచి ఒకసారి బోర్లించి చూసుకోమని చెప్పండి.